పరాయి సరుకు

ఆ బుధవారం ఓస్నియెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నర లోపు ప్రాజెక్టును కాస్త శుభ్రం చేయడం, పదింటికి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, రెండింటికి బస్ టెర్మినల్లో అడ్మినిస్ట్రేటర్ లెయొవాల్దో ఎదురుగా కూర్చుని ప్రోగ్రాం నడిపి చూపించడం. ఈ లోపల ఒక కప్పు కాఫీ. మొత్తం పథకంలో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

కామాగ్వే ఊరి నుంచి దూర ప్రయాణాల బస్సుల కోసం టెర్మినల్లో పడిగాపులు పడే జనానికి వరస నంబర్లు ఇచ్చే ప్రోగ్రాం అది. ఎవరి వెనక ఎవరో గుర్తు పెట్టుకుంటుంది, కాఫీకి వెళ్ళొచ్చిన వాళ్ళకు వాళ్ళ చోటు మళ్ళీ చూపిస్తుంది, తగువు వస్తే తీర్పు చెబుతుంది. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎనేయిదాది. కంపెనీ అంటే ఆమె ఇంటి ముందు గది. అందులో ఒకప్పుడు నలుగురు పనిచేసేవారు. ఇప్పుడు మిగిలింది అరవై ఒక్క ఏళ్ళ ఎనేయిదా, ముప్పై రెండేళ్ళ ఓస్నియెల్. అతనికి పదకొండేళ్ళప్పుడు పేటలోని కంప్యూటర్ క్లబ్బులో మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆమే. అందుకని ఈనాటికీ ఆమె అతనికి టీచరే. ఉండేది కూడా ఆమె ఇంటి వెనక గదిలోనే.

లెయొవాల్దో ఇప్పటికే రెండు వాయిదాలు ఒప్పుకున్నాడు. మూడోది లేదని చెప్పేశాడు. "బుధవారం రెండింటికి నడిస్తే నడిచినట్టు. లేకపోతే పేర్లు రాసుకునే నా నోటు పుస్తకం నాకుంది" అన్నాడు. ఈ పని చేజారితే ముందు గది మళ్ళీ ఉత్త ముందు గది అయిపోతుంది. ఎనేయిదా న్యువితాస్‌లోని చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఓస్నియెల్ మళ్ళీ వీధిలో బల్ల వేసుకుని ఫోన్లకు అద్దాలు మార్చాలి. పైగా నిన్న సాయంత్రం ఆమె, "రేపు మాట్లాడేది నువ్వే. నేను పక్కన కూర్చుంటానంతే" అంది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. దాంతో అతనికి రాత్రంతా నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి చేతులు ఊరుకోలేదు.

చేతులు ఊరుకోకపోవడమే కొంప ముంచింది.

ప్రోగ్రాం అన్నమాటే గానీ అందులో వీళ్ళు రాసింది పిసరంత. తేదీలు లెక్క పెట్టడానికి ఒకటి, గడుల్లో పేర్లు సర్దడానికి ఒకటి, గంట మోగించడానికి ఒకటి, ఇలా ఎక్కడెక్కడి వాళ్ళో రాసి ఊరికే పంచిపెట్టిన కోడు మూటలు, అంటే లైబ్రరీలు, తొమ్మిది వందల నలభై వాడుకున్నారు. వాటన్నిటినీ ఎనేయిదా 'పరాయి సరుకు' అనే ఫోల్డర్లో వేసి, సొంత కోడుతో పాటు రిపోలోనే దాచింది. రిపో అంటే ప్రాజెక్టు మొత్తానికీ ఖజానా. ముందు గదిలో మూలనున్న నల్ల కంప్యూటర్లో అది ఉంటుంది, రోజూ మారిన ప్రతి అక్షరాన్నీ గుర్తు పెట్టుకుంటుంది. ఆ ఫోల్డరు విషయంలో ఇద్దరికీ ఏడాదిగా పడడం లేదు.

"ఎవరివో నలభై వేల ఫైళ్ళు మనింట్లో ఎందుకు టీచర్? మనం రాసినవి నాలుగు వందలు! కాపీ చేయాలంటే నలభై నిమిషాలు. ప్రపంచమంతా ఏం చేస్తోందీ? ఏమేం కావాలో ఒక చీటీ రాసి పెట్టుకుంటోంది. ఒక్క కమాండు కొడితే అన్నీ నెట్లోంచి వాటంతటవే వచ్చి పడతాయి."

"ప్రపంచమంతా కామాగ్వేలో ఉందేంట్రా?"

"అది కాదు టీచర్..."

"పెరట్లో ఆ బాన చూడు. ఎందుకుంది అది?"

"మీ ముత్తాతగారు కొన్నారు గనక."

"వాన మనం పిలిచినప్పుడు రాదు గనక!"

"ఇప్పుడు కుళాయి ఉంది కదా?"

"ఇవాళ వచ్చిందా?"

వచ్చేది కాదు. ఏ రోజు అడిగినా అది రాని రోజే అయ్యేది. వాదన ఎప్పుడూ అక్కడికొచ్చి ఆగిపోయేది. ఓస్నియెల్ పళ్ళు నూరుకుంటూ ఆ నిలువెత్తు మట్టి బాన వైపు చూసేవాడు, తనను ఓడిస్తున్నది టీచరు కాదు, ఆ బానే అన్నట్టు.

ఈ రోజు ఎనేయిదా తెల్లవారగానే గ్యాసు బండ కోసం వరసలో నిలబడడానికి వెళ్ళింది. మధ్యాహ్నం దాకా రాదు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనుకున్నాడు ఓస్నియెల్. ఆమె వచ్చేసరికి ప్రాజెక్టు దూదిపింజలా ఉండాలి. అప్పుడు చూపించి, 'ఇప్పుడేమంటారు?' అని అడగాలి. కాఫీ తాగుతూ పరాయి సరుకు ఫోల్డరును తీసేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రిపోకి జ్ఞాపకశక్తి ఎక్కువ. ఇవాళ తీసేసినా నిన్నటి రూపం దాని కడుపులో భద్రంగా ఉంటుంది, బరువు తగ్గదు. అందుకని చరిత్రలోంచి కూడా ఆ ఫోల్డరు ఆనవాళ్ళన్నీ వెతికి వెతికి చెరిపేశాడు. తర్వాత తన లాప్‌టాప్‌లో ఉన్న పాత కాపీ తీసేసి, కొత్తది దించుకున్నాడు. గిగాబైటున్నర ఉన్నది పదకొండు మెగాబైట్లకు దిగింది. గదిలో ఎవరూ లేకపోయినా చేతులు బార్లా చాపాడు.

ఇక మిగిలింది ఒక్క కమాండు. కొట్టాడు. తెర మీద అంకె పరుగెత్తింది. వంద, మూడు వందలు, ఐదు వందలు. ఆరు వందల పదకొండు దగ్గర ఫ్యాను ఆగింది. నల్ల కంప్యూటరు ఒక్క నిట్టూర్పు విడిచి ఆరిపోయింది. వీధి వీధంతా ఒక్క గొంతుతో "ఆ..." అంది.

ఆ పేటకు కరెంటు కోత వంతు మధ్యాహ్నం మూడింటికి. ఇప్పుడు ఎనిమిదీ ఇరవై. అదేమిటని అడగడానికి ఎవరున్నారు? ఫోన్‌లో నెట్ పెట్టి చూశాడు. ఆ టవరు కూడా అదే కరెంటు మీద బతుకుతోంది కాబోలు, ఒక గీత వచ్చి పోతోంది. ఆ ఒక్క గీత మీద కష్టపడి తెరిచిన సైటు, 'ఆంక్షల వల్ల మీ దేశానికి ఈ సేవ లేదు' అని మర్యాదగా చెప్పి తలుపు వేసేసింది. ఏ దేశమో తెలియకుండా లోపలికి దూరడానికి రోజూ వాడే దొడ్డిదారికి ఒక్క గీత చాలదు. ఓస్నియెల్ ఫోన్ జేబులో పెట్టేశాడు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పదిసార్లు నడిచాడు. లాప్‌టాప్ బ్యాటరీ ఎనభై ఒకటి. లైబ్రరీలు మూడు వందల ఇరవై తొమ్మిది తక్కువ.

ఒకప్పుడు ఇక్కడ పనిచేసి వెళ్ళిన యోస్బెల్, గ్రెతెల్ గుర్తొచ్చారు. వాళ్ళ పాత డిస్కుల్లో ఎక్కడైనా ఆ ఫోల్డరు ఉండి ఉంటుంది. ఇద్దరికీ ఫోన్ చేశాడు. మాటలకైతే ఫోన్ పలికింది.

"డిస్కులన్నీ బ్యాగులో వేసుకుని టీచర్ ఇంటికొచ్చేయండి. ఎందుకని అడక్కండి."

"ఏం చేశావురా?" అంది గ్రెతెల్.

"అడక్కండన్నానా!"

పావుగంటలో ఇద్దరూ వచ్చారు. అయితే వీధి తలుపుకు తాళంచెవి ఒక్కటే. రెండోది చేయించాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నారు. ఆ ఒక్కటీ ఎనేయిదా జేబులో గ్యాసు వరసలో ఉంది. ఓస్నియెల్ పెరటి వైపు నుంచి ముందు గదిలోకి వచ్చాడు గానీ, వచ్చిన వాళ్ళకు ఆ దారి పక్కింటి వాళ్ళ గోడ మీదుగా. అందుకని ముందు గది నిలువెత్తు ఊచల కిటికీ దగ్గర బల్ల లాక్కుని కూర్చున్నాడు. యోస్బెల్ బ్యాగులోంచి డిస్కు తీసి ఊచల్లోంచి లోపలికి అందించాడు. వెనకాల గ్రెతెల్ తన బ్యాగు పట్టుకుని నిలబడింది.

సరిగ్గా అప్పుడే ఎదురింటి కాసిమీరా చేతిలో సంచితో అటు వచ్చింది. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. కిటికీ చూసింది. లోపల ఒక చెయ్యి, బయట రెండు బ్యాగులు చూసింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి ఇంకేం చేస్తుంది?

"వరసలో ఆఖరెవరు?" అంది.

"నేనే," అంది గ్రెతెల్, ఫోన్ మీంచి తల ఎత్తకుండానే. చిన్నప్పటి నుంచి ఆ ప్రశ్నకు అదే జవాబు చెప్పిన నోరు అది.

కాసిమీరా ఆమె వెనక నిలబడింది. ఇచ్చేదేమిటో తర్వాత అడగొచ్చు, ముందు చోటు దొరకాలి. రెండు నిమిషాలకు ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. ఆ వెనక ఇద్దరు నర్సులు. ఓస్నియెల్ ఇదేమీ చూడలేదు. అతని కళ్ళు తెర మీదే ఉన్నాయి. యోస్బెల్ డిస్కులో మూడు వందలు దొరికాయి. గ్రెతెల్ డిస్కును మేనల్లుడు బొమ్మల సినిమాలతో నింపేశాడు, అయినా సందుల్లో ఇరవై రెండు బయటపడ్డాయి. ఇంకా ఏడు కావాలి. ఏడంటే ఏడు. వాటిల్లో ఒకటి పదకొండు వరసల కోడు, గంట మోగించేది. అది లేకపోతే ప్రోగ్రాం అసలు లేవనంటోంది. ఆ పదకొండు వరసలూ తానే రాద్దామంటే ఆ లోపల ఏముందో ఏడాదిలో ఒక్కసారీ తెరిచి చూడలేదు. మిగతా ఆరూ మరీ పెద్దవి.

డిస్కుల వేటకు యోస్బెల్, గ్రెతెల్ చెరో దిక్కుకు వెళ్ళారు. ఓస్నియెల్ తల ఎత్తేసరికి ఊచల అవతల కాసిమీరా ముఖం ఉంది. సంచి నోరు తెరిచి పట్టుకుంది.

"మనిషికి రెండేనా బాబూ?"

"ఏం రెండు?"

"అదే, ఇస్తున్నవి."

"ఇక్కడేమీ ఇవ్వడం లేదు కాసిమీరా అమ్మగారూ! వెళ్ళండి."

"ఆ ఇద్దరికీ ఇచ్చావుగా? ఊచల్లోంచి పోవడం, రావడం ఈ రెండు కళ్ళతో చూశాను."

వెనక నుంచి తాపీమేస్త్రీ అందుకున్నాడు. "తెలిసిన వాళ్ళకైతే కిటికీ, మాకైతే వెళ్ళండా? న్యాయమేనా తమ్ముడూ?"

అప్పుడు ఓస్నియెల్ ఊచలకు చెంప ఆనించి వీధిలోకి చూశాడు. కామాగ్వే సందులు తిన్నగా సాగవు కదా, వరస గోడ వెంట సాగి, మలుపు తిరిగి, మలుపు అవతల ఇంకా ఎంత ఉందో కనబడకుండా పోయింది. కోడి కాళ్ళని కొందరు, కాదు సబ్బుపొడి అని కొందరు, ఛార్జింగ్ ఫ్యాన్లని ఒక పెద్దాయన. ఫ్యాన్ల మాట మలుపు దాటగానే వరస పొడుగు రెండింతలైంది.

"అయ్యా, అమ్మా, నా మాట వినండి. నేను కూడా దాని కోసమే చూస్తున్నాను. ఇంకా రాలేదు!" అని అరిచాడు ఓస్నియెల్. తను అంటున్నది నెట్ సంగతి. జనం వింటున్నది సరుకు సంగతి.

"చూశారా, ఒప్పుకున్నాడు!" అంది కాసిమీరా విజయగర్వంతో. సంచిలోంచి నోటు పుస్తకం తీసి, పేర్లు రాయడం మొదలుపెట్టింది. ఎండెక్కుతోంది. పేరు రాయించుకున్న వాళ్ళంతా సందులో నీడ ఉన్న ఒకే ఒక్క చోటికి, అంటే కిటికీ కింది అరుగు మీదికి చేరారు. ఓస్నియెల్ బ్యాటరీ యాభై ఆరుకు దిగింది.

పన్నెండు దాటాక ఎనేయిదా సైకిల్ టాక్సీలో గ్యాసు బండతో వచ్చింది. బండి సందు మొదట్లోనే ఆగిపోయింది. ఇంత జనం ఎందుకున్నారో అర్థం కాలేదు గానీ, నోరు తన పని తాను చేసింది.

"ఆఖరెవరు?"

"నేనేనమ్మా," అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకాయన.

"మీ వెనక నేను. ఏమిస్తున్నారు?"

"ఫ్యాన్లు అంటున్నారు. ఆ కటకటాల ఇంట్లో."

బండ మీద కూర్చుని, గ్యాసు చీటీ మడిచి విసురుకుంటూ ఐదు నిమిషాలు ఆ కటకటాల ఇంటి వైపు ఆశగా చూసింది. ఆరో నిమిషంలో ఆ ఇల్లు తనదని గుర్తొచ్చింది.

తలుపు తీసుకుని ఆమె లోపలికి రాగానే ఓస్నియెల్ కుర్చీలోంచి లేచాడు. దాచడానికి ప్రయత్నించలేదు. మొత్తం చెప్పేశాడు. దూదిపింజ, పదకొండు మెగాబైట్లు, ఏడు లైబ్రరీలు, అన్నీ. చరిత్రలోంచి కూడా చెరిపేసిన సంగతి మాత్రం ఆఖర్న చెప్పాడు.

ఎనేయిదా అరవలేదు. అరిస్తే బాగుండును అనిపించింది అతనికి.

"నిన్ను మాట్లాడమన్నాను," అంది ఆమె నెమ్మదిగా. "ఇన్నేళ్ళలో మొదటిసారి. నువ్వేమో పొద్దున్నే లేచి ఇల్లు తవ్వేశావు."

"టీచర్..."

"సరే ఏడవకు. నీలాంటి వాడొకడు పుడతాడని తెలిసే నేనో పని చేశాను." పెరట్లోకి నడిచింది. ఎండిపోయిన బాన మూత తీసి, భుజం దాకా చెయ్యి పెట్టి, మూడు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన డిస్కు బయటికి తీసింది. "ఏప్రిల్లో తీసిన కాపీ. పరాయి సరుకుతో సహా. ఇప్పుడు చెప్పు, బాన ఎందుకుంటుంది?"

ఓస్నియెల్‌కి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. పరుగెత్తుకెళ్ళి డిస్కు తగిలించాడు. తెరిచాడు. కాసేపు చూశాడు.

"టీచర్, ఇందులో డెబ్బై నాలుగు ఫైళ్ళున్నాయి."

"నలభై వేలుండాలే?"

"డెబ్బై నాలుగే. అన్నిటికీ ఒకటే పేరు, వెనకాల నంబరు. ఒకటో భాగం, రెండో భాగం..."

ఎనేయిదా బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. జూన్‌లో చెల్లెలు వచ్చి, కళ్ళు పోయిన అమ్మాయి కథ, ఆ టర్కీ సీరియల్ కావాలని ఒకటే ప్రాణం తీసింది. డిస్కులో చోటు చాల్లేదు. 'ఎలాగూ రిపోలో ఉంది కదా' అనుకుని ఆ కాపీ మొత్తం తీసేసిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వీధిలోంచి కాసిమీరా గొంతు "పంతొమ్మిది! పంతొమ్మిది ఉన్నారా?" అని వినిపిస్తోంది. యోస్బెల్, గ్రెతెల్ ఎక్కడా దొరకలేదని ఎప్పుడో ఫోన్ చేసేశారు. గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. బ్యాటరీ ముప్పై ఒకటి.

"నేను లెయొవాల్దోకి ఫోన్ చేస్తాను," అంది చివరికి. "రేపటి దాకా గడువు అడుగుతాను. ఒప్పుకోడు. అయినా అడుగుతాను."

"నేనే అడుగుతాను టీచర్. తప్పు నాది."

"సగం," అని ఆమె ఫోన్ అందుకుని, ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

రెండు రింగులకే లెయొవాల్దో ఎత్తాడు. చాలా లోగొంతుతో మాట్లాడాడు. "ఎనేయిదా గారూ, ఇప్పుడు మాట్లాడలేను. పెద్దవాళ్ళతో ముఖ్యమైన సమావేశంలో ఉన్నాను. రెండింటికి కాస్త ఆలస్యం కావచ్చు."

ఓస్నియెల్ చెవులు రిక్కించాడు. 'ముఖ్యమైన సమావేశం' అన్న మాట ఫోన్లోంచి ఒకసారి వినిపించింది, కిటికీలోంచి ఇంకోసారి.

"ఎవరెవరున్నారు సార్ సమావేశంలో?" అంది ఎనేయిదా. ఆమె కూడా విన్నది.

"అంతా పై అధికారులే."

"ముప్పై ఒకటి!" అని వీధిలో కాసిమీరా కేక పెట్టింది. ఫోన్లో కూడా పెట్టింది. "ముప్పై ఒకటి ఎవరండీ? లేకపోతే కొట్టేస్తున్నాను!"

"ఉన్నాను, ఉన్నాను! కొట్టకండమ్మా!" అన్నాడు లెయొవాల్దో, ఫోన్లోనూ, కిటికీ కిందా.

ఎనేయిదా ఊచల దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. అరుగు మీద ఇద్దరు నర్సుల మధ్య, ముఖానికి దినపత్రిక అడ్డం పెట్టుకుని, ఒళ్ళో తోలు బ్యాగుతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఇదివరకెప్పుడూ ఈ ఇంటికి రాలేదు. వీళ్ళే టెర్మినల్‌కు వెళ్ళేవారు.

"సార్, లోపలికి రండి. తలుపు తీసే ఉంది."

లెయొవాల్దో దినపత్రిక దించాడు. ముందు ఆమెను చూశాడు, తర్వాత ఆ ఊచలను, తర్వాత కాసిమీరా నోటు పుస్తకాన్ని. లోపలికొచ్చాక కుర్చీ అంచున కూర్చున్నాడు. "పదకొండింటికి ఇటు నుంచే టెర్మినల్‌కి నడిచి పోతున్నాను. ఫ్యాన్లన్నారు. మా అమ్మకు రాత్రుళ్ళు ఉక్కపోత... ఈ మాట మా వాళ్ళకు చెప్పకండి." తర్వాత గొంతు తగ్గించి, "ఇంతకీ వచ్చాయా?" అన్నాడు.

"రాలేదు సార్," అన్నాడు ఓస్నియెల్. ఇంక దాచేదేముందని అతని ముందు కూడా అంతా చెప్పేశాడు. "ప్రోగ్రాం ఇవాళ నడవదు. టీచర్ తప్పు కాదు. ఆవిడ మొదటి నుంచీ అన్నీ ఇంట్లోనే పెట్టుకోవాలనే చెప్పారు. నేనే విన్లేదు. కోపముంటే నా మీద చూపించండి, పని మాత్రం ఆవిడ దగ్గర్నుంచి తీసేయకండి."

లెయొవాల్దో ఒళ్ళోని తోలు బ్యాగు వైపు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. "మార్చిలో మా లాప్‌టాప్‌లో మీరో నమూనా పెట్టారు చూడండి, దాన్లో ఆ ఫోల్డరు ఉండేదిగా?"

"ఉండేది సార్. మేలో నేనే ఫోన్ చేసి, బరువు, తీసేయండని చెప్పాను. తీసేశామన్నారు."

"అన్నాను."

"అందుకే మిమ్మల్ని అడగలేదు."

"బాబూ," అన్నాడు లెయొవాల్దో తోలు బ్యాగు జిప్పు లాగుతూ, "చేతికొచ్చిన దాన్ని ఎవడైనా పారేసుకుంటాడా? తీసేయమన్నావు, తీసేశానన్నాను. నువ్వు సంతోషించావు, ఫోల్డరూ ఉంది."

ఓస్నియెల్ లాప్‌టాప్‌ను దాదాపు లాక్కున్నాడు. పరాయి సరుకు అక్కడ ఉంది. మార్చిలో ఎలా పెట్టాడో అలాగే, ఒక్క ఫైలు చెక్కు చెదరకుండా. ఏడూ ఉన్నాయి. గంట మోగించే పదకొండు వరసలు కూడా ఉన్నాయి. వాటిని తన దాంట్లోకి తెచ్చుకుని మీట నొక్కాడు. ప్రోగ్రాం లేచింది. కిటికీ అవతలి దాకా వినబడేలా టింగుమని గంట మోగింది.

వీధిలో వరస మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది.

"మొదలెట్టారు!" అంది కాసిమీరా.

ఓస్నియెల్ ఎనేయిదా వైపు చూశాడు. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. నిన్న చెప్పినట్టే, అంతే. టెర్మినల్‌కు వెళ్ళాల్సిన పని ఏముంది, వరసే ఇంటికొచ్చింది కదా? అతను గొంతు సవరించుకుని మాట్లాడడం మొదలుపెట్టాడు. కాసిమీరా పుస్తకంలోని పేర్లు ఒక్కొక్కటీ ఎక్కించాడు. నర్సుల్లో ఒకామె డ్యూటీకి వెళ్ళిపోయి తన చోటు తమ్ముడికి ఇచ్చింది, ప్రోగ్రాం ఒప్పుకుంది. తాపీమేస్త్రీ పేరు రెండు చోట్ల కనిపించింది, ప్రోగ్రాం ఒప్పుకోలేదు. మేస్త్రీ గొడవ పెట్టుకున్నాడు. తెర తిప్పి చూపిస్తే తన పేరు, తను వచ్చిన సమయం చూసుకుని, "పెట్టె అబద్ధమాడదు కదా" అని గొణుక్కుంటూ వెనక్కి తగ్గాడు. మా టెర్మినల్లో ఇదే గొడవ తెల్లారిందాకా సాగేదని లెయొవాల్దో పక్కనున్న ఎనేయిదా చెవిలో చెప్పాడు. ఎనభై ఎనిమిది పేర్లు ఎక్కాయి. బ్యాటరీ పన్నెండు.

"బాగుంది," అన్నాడు లెయొవాల్దో. బ్యాగులోంచి ఒప్పంద పత్రం తీసి, సంతకానికి ముందు అడుగున పెన్నుతో ఒక వరస చేర్చాడు. పరాయి సరుకు ఆసాంతం పెట్టెలోనే ఉండవలెను, ఎవరూ దేన్నీ శుభ్రం చేయరాదు.

ఓస్నియెల్ చదివి తల వంచుకున్నాడు. ఎనేయిదా గెలిచినట్టు నవ్వబోయి, డిస్కు గుర్తొచ్చి మానేసింది.

"అదంతా సరే," అంది కిటికీలోంచి కాసిమీరా. "నంబర్లిచ్చారు, బాగానే ఉంది. ఇప్పుడేమిస్తారు?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎనభై ఎనిమిది మంది, పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డ వాళ్ళు, చేతిలో నంబర్లున్న వాళ్ళు, ఊచల అవతల కాచుకుని ఉన్నారు. ఏమీ లేదని చెప్పే ధైర్యం ఏ ఒక్కరికీ లేదు. అప్పటికే ఊచల మీద కొందరి చేతులు పడ్డాయి. ఓస్నియెల్ కళ్ళు గదంతా తిరిగి, బల్ల మీద పడి ఉన్న డిస్కు దగ్గర ఆగాయి.

"టర్కీ సీరియల్ భాగాలు," అన్నాడు. "మనిషికి రెండు."

ఎనేయిదా కళ్ళు మూసుకుంది.

"ఏ సీరియల్? కళ్ళు పోయిన అమ్మాయిదా?" అని కాసిమీరా ఊచల్లోకి ముఖం దూర్చింది. "కరెంటు కోత వల్ల నలభై ఒకటి, నలభై రెండు పోయాయి నాకు. ఆ పిల్లకు ఆపరేషను అయిందా, లేదా? ఒరే బాబూ, అవి నావి! ఇంకెవరూ అడగడానికి వీల్లేదు!"

"నాకు చివరి రెండూ!" అన్నాడు తాపీమేస్త్రీ.

మలుపు అవతల దాకా ఆ మాట ఫ్యాన్ల కంటే వేగంగా పాకింది. ఎనభై ఎనిమిది ఫోన్లు బయటికొచ్చాయి. నెట్ లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కి పంపుకోవడం ఆ ఊళ్ళో ఎవరికీ నేర్పక్కర్లేదు. లెయొవాల్దో లాప్‌టాప్‌లో నిండా ఛార్జి ఉంది, డిస్కు దానికి తగిలించి కాసిమీరాతో మొదలుపెట్టారు. వరస మొట్టమొదటిసారిగా ముందుకు కదిలింది. సందు చివర్నుంచి టోపీ ఆయన కేక వేశాడు. "గ్యాసు బండ అమ్మగారూ! నా వెనక మీరే కదా, రారేం?"

"రేపు ఆ ఫోల్డరు మళ్ళీ రిపోలో పెట్టేస్తాను టీచర్," అన్నాడు ఓస్నియెల్ మెల్లగా. "బానలో ఇంకో కాపీ కూడా పెడతాను."

"పెట్టు. ఈసారి ఆ డిస్కు మీద నీ పేరు రాయి, మా చెల్లెలికి కనబడకుండా దాచు," అంది ఎనేయిదా.

లెయొవాల్దో సంతకం చేసిన కాగితాన్ని ఆమె చేతికిచ్చి, ఓస్నియెల్‌తో కరచాలనం చేసి, బయటికి వెళ్ళి తన ముప్పై ఒకటో చోట్లో నిలబడ్డాడు.